ఆస్థానకవి దాశరథి కృష్ణమాచార్యులవారు

ప్రతి సంవత్సరమును మన పాఠశాలలో బహుమాన ప్రదానోత్సవము జరుగునపుడు, బల్లమీద వరుసగా పేర్చిన పుస్తకములవంక చిన్న తరగతుల పిల్లలు చూచెడు చూపు చూడదగినది. తమ పేరు పిలుతురో పిలువరో యనునదియే వారి చింత. పిలువబడినవారు పుస్తకమును గుండెకు హత్తుకొని పోవుదురు. పిలువబడనివారు ఇచ్చినవారిని తప్పుపట్టుదురు. పెద్దవారును ఇందులకు భిన్నులు కారు. మన దేశమున కవులకును గ్రంథకర్తలకును ప్రభుత్వము బహుమానముల నిచ్చుచున్నది. వానివలన వచ్చినవారికి సంతోషమును, రానివారికి చిన్నబాటును ఏటేట కలుగుచునే యున్నవి. ఇంతకును ఆ బహుమానము లెందులకు? వానిని పుచ్చుకొన్న కవి ఇచ్చినవారికి లోబడవలసినదేనా? ఈ ప్రశ్నను పై తరగతుల విద్యార్థులు కొందఱు మమ్ము అడిగియున్నారు. దానికి శాస్త్రచర్చతో సమాధానము చెప్పుటకంటె ఒక కవి జీవితమును చెప్పుట మేలని తోచినది. ఆ కవి మన ప్రాంతమువారే, ఖమ్మములో చదువుకొన్నవారే. ప్రభుత్వమువలన మొదట చెఱసాలను, పిమ్మట బహుమానములను, అటుపిమ్మట పదవిని పొంది, చివరకు ఆ పదవిని పోగొట్టుకొన్నవారు. వారే దాశరథి కృష్ణమాచార్యులవారు.

కృష్ణమాచార్యులవారు 1925వ సంవత్సరము జూలై 22వ తేదీని చినగూడూరు గ్రామమున జన్మించిరి. ఆ గ్రామ మప్పుడు వరంగల్లు జిల్లాలోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలోనిది. తండ్రి వేంకటాచార్యులవారు; తల్లి వేంకటమ్మగారు. బాల్యము గార్లలో గడచెను. ఖమ్మము వాసులకు గార్లను గూర్చి చెప్ప నక్కఱలేదు గాని, దూరప్రాంతములనుండి వచ్చి మన వసతిగృహమున నున్న పిల్లలకొఱకు చెప్పుచున్నాము. కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలు మార్గమున డోర్నకలు కూడలికి చేరువనున్న చిన్న స్టేషను గార్ల. డోర్నకలులో ఒక కొమ్మదారి చీలి కొత్తగూడెము మీదుగా మణుగూరునకు పోవును. కొత్తగూడెము స్టేషనునకు భద్రాచలము రోడ్డు అని పేరు. ఆ పేరు చూచి దిగిన యాత్రికుడు ఇంకను సుమారు 40 కిలోమీటర్లు అడవిదారిని పోయి గోదావరి దాటినగాని రామచంద్రుని గుడి కానరాదు. టేకు, ఇప్ప, తునికి చెట్ల యడవి యది. కోయల గూడెములకు నెలవు. గార్లకు సమీపమున నున్న ఇల్లెందులో 1889 నాటికే బొగ్గుగనుల త్రవ్వకము మొదలైనది.

ఆ కాలమున ఈ యడవి రెండు ప్రభుత్వముల పొలిమేర. ఇవతల నిజాము రాజ్యము. అవతల భద్రాచలము చెన్నపట్టణపు ప్రభుత్వముక్రింద నుండెను. 1959లో గాని అది ఖమ్మము జిల్లాలో కలియలేదు. గోదావరి కావలనున్న తెలుగు బాలుడు తన భాషలో చదువుకొనుచుండగా, ఇవతలి బాలునకు బడిలో ఉర్దూయే ప్రధానమైన భాష. కచేరిలో అర్జీ పెట్టవలసినను, చిన్న యుద్యోగము కావలసినను ఆ భాషయే శరణ్యము. తెలుగు ఇంటిలోని భాషగా మాత్రము మిగిలియుండెను.

దాశరథివారి యింటిలో ఆ తెలుగునకు కొఱత లేదు. వారిది శ్రీవైష్ణవ కుటుంబము. తండ్రిగారు సంస్కృత ద్రావిడములందు పండితులు. తల్లిగారు తెలుగు కావ్యములు చదువుకొన్నవారు. ఇంట ఈ మూడు భాషలు, బడిలో ఉర్దూ, తరువాత కళాశాలలో ఇంగ్లీషు. ఇట్లు పసితనముననే పలు భాషలు వారి చెవిని పడినవి. చిన్ననాటనే పద్యములు చెప్పనేర్చిరి. తమ్ముడు రంగాచార్యులవారు 1928లో జన్మించి, పిమ్మట నవలాకారులుగా ప్రసిద్ధిజెందిరి. ఖమ్మము ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో కృష్ణమాచార్యులవారు మెట్రిక్యులేషను పూర్తిచేసిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు సాహిత్యము చదివి పట్టభద్రులైరి. తమపై బడిలో రుద్దబడిన ఉర్దూను వారు ద్వేషింపలేదు. ఆ భాషలోని కవులను ప్రేమించిరి. ప్రభువు వేఱు, ప్రభువు మాటాడు భాష వేఱు అని యంత చిన్న వయస్సుననే గ్రహించుట సామాన్యమైన వివేకము కాదు. దీని ఫలమును ముందు చెప్పెదము.

యౌవనమున వారు కొంతకాలము కమ్యూనిస్టు పార్టీలో నుండిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ పార్టీ యవలంబించిన మార్గము నచ్చక బయటికి వచ్చిరి. అప్పటికి తెలంగాణమున ఆంధ్రమహాసభ ప్రజలను మేల్కొలుపుచుండెను. 1945లో ఆ సభ పండ్రెండవ సమావేశము మన ఖమ్మములోనే జరిగినది. వెట్టిచాకిరి, దొరల దౌర్జన్యము, భాషకు గౌరవము లేకుండుట, ఇవి యన్నియు ఒకదానితో నొకటి ముడివడియున్న కాలమది. 1947 ఆగస్టులో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరుటకు నిరాకరించెను. రజాకారుల యాగడములు పెచ్చు పెరిగెను. కృష్ణమాచార్యులవారు ఊరూర తిరిగి ఉపన్యసించిరి, పద్యములు చదివిరి. నిజాము ప్రభుత్వము వారిని పట్టి బంధించెను.

వారు ఖైదీగా నుండినది నిజామాబాదు కోటలోని చెఱసాలలో. ఆ కోట గుట్టమీద రాముని గుడియును కలదు. భద్రాచలపు గుడిని కట్టించిన కంచర్ల గోపన్నగారు మన నేలకొండపల్లివారు. పాల్వంచ పరగణాకు తహశీలుదారై, గోలకొండలో చెఱసాలపాలై, అక్కడనే రాముని కీర్తించిరని మన పిల్లలందఱికిని తెలియును. దాశరథీ యను మకుటముతో ఆయన శతకము చెప్పెను. ఆ పేరే ఇంటిపేరుగా గల కవి ఇన్నూఱేండ్లకు పైబడినపిమ్మట మఱియొక ప్రభువు చెఱలో గుడిప్రక్కనే యుండవలసివచ్చుట యాదృచ్ఛికమే గాని, మన ప్రాంతమువారికి ఈ రెండును ఒక్కసారిగా జ్ఞప్తికి రాక మానవు. భేద మొక్కటి కలదు. గోపన్నగారు చెఱనుండి విడిపింపుమని దేవుని వేడుకొనిరి. కృష్ణమాచార్యులవారు చెఱలోనుండి ప్రభువునే నిలదీసిరి.

కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుటకు ఖైదీలకు బొగ్గు ఇచ్చెడివారు. దానితో కవి గోడమీద పద్యములు వ్రాసెను. కావలివారు తుడిచివేయుదురు, మరల వ్రాయవలసినదే. ఆ చెఱసాలలోనే వారికి వట్టికోట ఆళ్వారుస్వామిగారి సావాసము కలిగెను. ఆళ్వారుస్వామిగారిని గూర్చి ఇచ్చట నాలుగు మాటలు చెప్పక ముందునకు పోలేము. ఆయన 1915లో జన్మించిన బీద బాలుడు. ఒరుల యింట వంటచేసి పెట్టుచు అక్షరములు నేర్చెను, హోటలులో పనిచేసెను. అట్టివాడు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తెలంగాణపు పల్లెలలో పుస్తకములను భుజమున మోసుకొని పోయి అమ్మెను. తరువాత ప్రజల మనిషి యను నవల వ్రాసెను. గొప్ప పాఠశాలలో చదివినవాడును, వంటయింటిలో చదివినవాడును ఆ గోడల నడుమ సమానులైరి. విడుదలైన పిమ్మట కృష్ణమాచార్యులవారు తమ మొదటి కావ్యమైన అగ్నిధారను ఆళ్వారుస్వామిగారికే అంకితము చేసిరి. అంకితమునకు ధనికుని వెదకుట తెలుగు కవులలో చిరకాలమునుండి గల యాచారము. ఈ అంకితమువలన కవికి రాదగిన మాడలు, మాన్యములు ఏమియు లేవు.

1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదున ప్రవేశించుటతో నిజాము పాలన ముగిసెను. 1949లో అగ్నిధారయు, 1950లో రుద్రవీణయు వెలువడెను. చెఱసాల గోడమీద చెరిగిపోయిన పలుకులు ఇప్పుడు అచ్చులో నిలిచినవి. యువకులు వానిని కంఠస్థము చేసిరి. తెలంగాణమును కోటి రతనాల వీణగా చెప్పిన పేరు ఆ కాలముననే జనుల నాలుకలపై నిలిచెను.

కవికి పేరు వచ్చినది గాని కూడు రాలేదు. ఉపాధ్యాయులుగా నుండిరి, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా తిరిగిరి, ఆకాశవాణిలో పనిచేసిరి. 1961నుండి చలనచిత్రములకు పాటలు వ్రాసిరి. ఆ సంవత్సరముననే గాలిబు మహాకవి ఉర్దూ గజళ్లను తెలుగు చేసి గాలిబు గీతాలు ప్రకటించిరి. పైని చెప్పెదమన్న ఫల మిదియే. ఏ ప్రభుత్వపు భాషలో తనకు శిక్ష విధింపబడెనో ఆ భాషలోని మిక్కిలి మధురమైన కవిత్వమును తన జనులకు తెచ్చియిచ్చిన కవి యాయన. మా యభిప్రాయమున దాశరథివారి మనస్సు ఎట్టిదో తెలిసికొనగోరువారు అగ్నిధార చదివిన వెంటనే ఈ పుస్తకమును చదువవలెను. కోపము వ్యక్తులమీదను వ్యవస్థమీదను గాని, భాషమీదను మతముమీదను కాదని అప్పుడు బోధపడును. ఈ నడుమనే మహాంధ్రోదయము, పునర్నవము, అమృతాభిషేకము, కవితాపుష్పకము మున్నగు కావ్యములును వ్రాసిరి.

ఇక బహుమానముల మాట.

పూర్వము కవులను పోషించినవారు రాజులు. అగ్రహారము లిచ్చిరి, కనకాభిషేకములు చేసిరి. గోలకొండ ప్రభువైన ఇబ్రహీం కుతుబుషా తెలుగు కవులచే మల్కిభరాము డని పిలువబడునంతగా వారిని ఆదరించెను. ఆ వంశపు కడపటి ప్రభువు కాలముననే గోపన్నగారు చెఱలో నుండిరి. ఒకే సింహాసనము కావ్యమును అంకితము పుచ్చుకొనుటయు గలదు, కవిని గదిలో మూయుటయు గలదు. రాజు సుముఖుడైనపుడు బహుమానము, విముఖుడైనపుడు శిక్ష. రెంటికిని కారణము చెప్ప నక్కఱలేదు.

స్వతంత్ర భారతదేశమున ఈ పని మఱియొక విధముగా చేయవలెనని పెద్దలు తలచిరి. 1952 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము తీర్మానించి, 1954 మార్చి 12వ తేదీని ఢిల్లీలో సాహిత్య అకాడమీని ప్రారంభించెను. నెహ్రూగారు దానికి మొదటి అధ్యక్షులు. కృష్ణ కృపలానీగారు మొదటి కార్యదర్శి. ధనము ప్రభుత్వముది, నిర్ణయము మాత్రము రచయితలది, పండితులది. ప్రతి భాషకును ఏటికొక పుస్తకము. మొదట పేర్ల పట్టిక తయారగును. తెలిసినవారు దానిని వడగట్టుదురు. కడపట న్యాయనిర్ణేతలు కూర్చుండి యొకదానిని నిర్ణయింతురు. తగిన పుస్తకము లేదని తోచిన యేడు బహుమానమే యుండదు. తెలుగునకు అట్టి యేండ్లు కొన్ని గడచినవి. తొలినాళ్లలో బహుమానము 5,000 రూపాయలు. నేడు లక్ష రూపాయలు. నేడు 24 భాషలకు ఇచ్చుచున్నారు. రాగిఫలకముకూడ నిత్తురు, దానిని రూపించినవారు చలనచిత్ర దర్శకులైన సత్యజిత్ రాయిగారు.

తెలుగులో మొదటి బహుమానము 1955లో సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు వచ్చినది. వారు 1953లోనే కాలధర్మము నొందియుండిరి. బహుమానము వారు చూడలేదు. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 350కి పైగా కవులను జనులకు చూపినవారు వారే. పద్యకావ్యమునకు 1962లో గాని బహుమానము రాలేదు. అది విశ్వనాథ సత్యనారాయణగారి మధ్యాక్కఱలకు. 1964లో గుఱ్ఱము జాషువగారి క్రీస్తుచరిత్రమునకు వచ్చినది. ఊరి బావినుండి నీరు త్రాగనీయని వారి నడుమ పెరిగిన జాతివాని పుస్తకమును దేశమంతటి పక్షమున గౌరవించుట చిన్న విషయము కాదు. బహుమానములు వలదనువారికి మేము ఈ యొక్క ఉదాహరణమును చూపుదుము.

రాష్ట్రమునందును 1957లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఏర్పడెను. అది 1967లో కృష్ణమాచార్యులవారి కవితాపుష్పకమును సన్మానించెను. 1972లో శ్రీశ్రీగారికి, 1973లో సి. నారాయణరెడ్డిగారికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము రాగా, 1974లో కృష్ణమాచార్యులవారి తిమిరంతో సమరం అను కావ్యమునకు వచ్చెను. పుస్తకము పేరే చీకటితో యుద్ధము. గోడమీద వ్రాసినందుకు ఒక ప్రభుత్వము శిక్షించిన చేతికి, ఇరువదియేడేండ్ల లోపలనే మఱియొక ప్రభుత్వము స్థాపించిన సంస్థ ఫలకము నందించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చినది.

ఇంతవఱకు పేచీ లేదు. పుస్తకము చూచి తోటి రచయిత లిచ్చిన బహుమానమువలన కవి ఎవ్వరికిని ఋణపడడు. వ్రాయుట ముగిసినది, పిమ్మట బహుమానము వచ్చినది. ఇక ముందేమి వ్రాయవలెనో చెప్పు హక్కు దానివలన నెవ్వరికిని రాదు. మన పాఠశాల బహుమానమును ఇట్టిదే: గడచిన పరీక్షకు గాని, రాబోవు పరీక్షకు కాదు.

పదవి సంగతి వేఱు. 1977 ఆగస్టు 15వ తేదీని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కృష్ణమాచార్యులవారిని ఆస్థానకవిగా నియమించెను. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారు. వారును మన ఖమ్మము జిల్లావారే. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది వారి కాలముననే. ప్రజాప్రభుత్వమున ఆస్థాన మెక్కడిదని చిన్న పిల్లలు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. రాజులు పోయినను రాజుల మాటలు కొన్ని మిగిలినవి. 1949లో చెన్నపట్టణపు ప్రభుత్వము చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారిని ఆస్థానకవిగా నియమించినప్పటినుండి ఈ పదవి తెలుగువారిలో వచ్చుచున్నది. కృష్ణమాచార్యులవారికి ముందు విశ్వనాథవారు ఆ పదవిలో నుండి 1976లో దివంగతులైరి.

ఒకప్పటి ఖైదీ ఆస్థానకవి యగుట చూచి సంతోషించినవారు కలరు. పెదవి విఱిచినవారును కలరు. ప్రభువును ధిక్కరించిన కలము ప్రభుత్వపు జీతముతో నడువవచ్చునా యని వీరి ప్రశ్న. దీనిని మేము కొట్టివేయజాలము. కాని రెండు సంగతులు చెప్పవలెను. ఒకటి, నిజాము ప్రభుత్వమును ప్రజలు ఎన్నుకొనలేదు, ఇది ఎన్నుకొనబడినది. ప్రజలు తామే నిలిపిన ప్రభుత్వమునుండి తమ కవికి గౌరవము జరుగుట దాస్యము కాదు. రెండవది, యౌవనమున చెఱసాలకును, నడివయస్సున పలు కొలువులకును లోనైన మనుష్యునకు ఏబదిరెండవ యేట కొంత నెమ్మది దొరకెనేని దానిని చూచి అసూయపడువారికి కవియొక్క సంసారము తెలియదనవలెను. అయినను పెదవి విఱిచినవారి భయమున సత్యము లేకపోలేదు. అది ఆఱేండ్లలో బయటపడెను. వారు భయపడినదేమనగా ప్రభుత్వము కవిని కట్టివేయునని. జరిగినదేమనగా ప్రభుత్వము కవిని పొమ్మనుట.

1983 జనవరి 9వ తేదీని నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రి యైరి. ఆ సంవత్సరముననే క్రొత్త ప్రభుత్వము ఆస్థానకవి పదవిని తీసివేసెను. సాహిత్య అకాడమీ మొదలైన రాష్ట్ర అకాడమీలను కూడ రద్దుచేసెను. పిదప 1985లో తెలుగు విశ్వవిద్యాలయమును స్థాపించెను. ప్రజాధనమును పొదుపుగా వాడవలెననుటలోను, పలు సంస్థల పనిని ఒక చోటికి తేవలెననుటలోను న్యాయముండవచ్చును. పదవిని రద్దుచేయు నధికారము ప్రభుత్వమునకు కలదనుటలో సందేహము లేదు. అదియే ఇచ్చటి చిక్కు. 1974 నాటి ఫలకమును ఏ మంత్రియు వెనుకకు తీసికొనలేడు. 1977 నాటి పదవిని ఒక్క ఉత్తరువుతో తీసివేయవచ్చును. ఇందులో ఒక విచిత్రము కూడ కలదు. రామారావుగారు నటించిన రాము అను 1968 నాటి చిత్రమునకు పాటలు వ్రాసినవారిలో కృష్ణమాచార్యులవా రొకరు.

ఇట్టిది మన దేశమునందే జరిగినదని యనుకొనరాదు. ఇంగ్లండున ఆస్థానకవి పదవి నేటికిని కలదు. 1668లో జాన్ డ్రైడెను అను మహాకవి దానియందు నియమింపబడెను. ఇరువదియేండ్లకు రాజు మాఱెను. క్రొత్త ప్రభువునకు విధేయతా ప్రమాణము చేయుటకు డ్రైడెను ఒప్పుకొనలేదు. పదవి పోయెను. అతనికంటె మిక్కిలి తక్కువవాడైన షాడ్వెలుకు దానినిచ్చిరి. పదవి పోయిన డ్రైడెను ముసలితనమున కూర్చుండి వర్జిలు కవి గ్రంథములను ఇంగ్లీషు చేసెను. అది నేటికిని చదువబడుచున్నది. దాశరథివారు ఏ ప్రమాణమునకును నిరాకరింపలేదు. వారిని అట్టిదేమియు అడిగినదియు లేదు. కాని ప్రభుత్వము మాఱినపుడు ఆస్థానము మాఱుననునది రెండు చోట్లను ఒకటియే. పదవి పోయిన కవికి కష్టము కలుగదని యెవ్వరు చెప్పగలరు? జీతముమాట యటుండగా, నిన్న సభలో ముందు వరుసను కూర్చుండబెట్టినవారు నేడు ముఖము త్రిప్పుకొందురు. అట్టివారిని మన యూళ్లలోను చూచుచున్నాము.

పిమ్మట వారు ఎంతోకాలము జీవింపలేదు. 1987 నవంబరు 5వ తేదీని తమ 62వ యేట పరలోకగతులైరి.

వారి కథ అంతటితో ముగియలేదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. క్రొత్త ప్రభుత్వము దాశరథివారి జన్మదినమైన జూలై 22న వారి పేర ఒక పురస్కారమును ఏర్పఱచి, 2015లో తిరుమల శ్రీనివాసాచార్యులవారికి మొదట నిచ్చెను. బహుమానమునకు నోచుకొని, పదవిని పోగొట్టుకొన్న కవి తానే యొక బహుమానమై పోయెను. 1983లో పోయిన రాష్ట్ర సాహిత్య అకాడమీకి బదులుగా 2017లో తెలంగాణ సాహిత్య అకాడమీ ఏర్పడినది. ఒక చిన్న సంగతి మఱచిపోరాదు. తెలుగువారందఱు ఒక రాష్ట్రముగా నుండవలెనని 1955లో మహాంధ్రోదయము వ్రాసిన కవియే తెలంగాణ రాష్ట్రమునకు ఇట్లు ముద్దుబిడ్డ యైనాడు. ఆయన తెలంగాణమును ప్రేమించిన మాటయు నిజమే, తెలుగువారి కూడికను కోరిన మాటయు నిజమే. ప్రభుత్వము కవిని సన్మానించునపుడు తనకు కావలసిన పుస్తకమును పైకెత్తి, తక్కినవానిని బల్లక్రింద నుంచును. చదువరులు అట్లు చేయ నక్కఱలేదు, అన్నియు చదువవచ్చును.

అట్లే ఊరి సంగతి. గార్ల చాలకాలము ఖమ్మము జిల్లాలో నుండి, 2016లో జిల్లాలను క్రొత్తగా విభజించినపుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఇప్పుడు ఆ జిల్లావారు కవి మావాడే యందురు. ఖమ్మములో చదివినాడు గనుక మావాడని మన మందుము. ఈ తగవు తీరనిదైనను ఎవ్వరికిని నష్టము లేదు.

అగ్నిధార ప్రతి యొకటి మన గ్రంథాలయమున రెండవ బీరువాలో పై వరుసను గలదు. పిల్లలు తఱచు తీసికొని పోవుటచేత అట్ట ఊడిపోగా, బైండు చేయించితిమి. బహుమానములు పొందిన పుస్తకముల జాబితా ఒకటి గోడకు అంటించియున్నాము గాని, దానిలో ఈ పుస్తకము పేరు వెదకవలదు. అది వెలువడిన 1949 నాటికి ఏ అకాడమీయు పుట్టియుండలేదు. కావలసిన విద్యార్థులు గ్రంథాలయాధికారిని అడిగి పుచ్చుకొనవచ్చును. గడువు పదునైదు దినములు.